మిడ్‌మార్ నీటిలో పంతొమ్మిదిన్నర డిగ్రీలు

బస్సులో ఉన్నవి ఇవి. పెద్దవాళ్లు ఇరవై ఆరుగురు, పిల్లలు తొమ్మిది మంది, పాస్టర్, డ్రైవర్. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బిర్యానీ గిన్నెలు రెండు. ఊరగాయ సీసాలు నాలుగు, కూల్‌డ్రింక్ క్రేట్లు మూడు, గ్యాస్ పొయ్యి, మడత కుర్చీలు పన్నెండు, క్రికెట్ బ్యాటు, టాంబరిన్లు రెండు, దుప్పట్లు పదకొండు. దుప్పట్లలో ఆరు ఒకే మనిషి కోసం తెచ్చినవి. ఆ మనిషి అప్పలమ్మ అవ్వ, వయసు డెబ్బై ఆరు. నా ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాదరసం థర్మామీటర్లు రెండు, దూది, పది మీటర్ల తాడు, నోట్‌బుక్.

ఏప్రిల్ ఇరవై ఏడు, సోమవారం. అందరికీ ఓటు వచ్చిన రోజుకు గుర్తుగా దేశమంతా సెలవు. డర్బన్‌కు గంట దూరంలోని మారిట్స్‌బర్గ్ నగరంలో, నార్త్‌డేల్ పేటలోని చర్చి వాళ్లు ప్రతి ఏడూ ఈ రోజున అద్దె బస్సు మాట్లాడుకుని హోవిక్ ఊరి పక్కనున్న మిడ్‌మార్ సరస్సుకు వెళ్తారు. ఆనకట్ట కట్టగా ఏర్పడిన సరస్సు కాబట్టి ఇక్కడ అందరూ దాన్ని డ్యామ్ అనే అంటారు. బాప్తిస్మం తీసుకునేవాళ్లు అక్కడే నీటిలో దిగుతారు. మిగతావాళ్లకు వనభోజనం.

నేను చర్చి మనిషిని కాను. అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరుగా కాకినాడ నుంచి వచ్చి పద్నాలుగు నెలలైంది. డేనియల్ అంకుల్ ఇంటి వెనక గదిలో అద్దెకుంటున్నాను. అంకుల్ చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య రూబీ ఆంటీ. అప్పలమ్మ అవ్వ ఆయన తల్లి. హోవిక్‌లో ఇళ్లు ఎలా ఉంటాయి, గాలి ఎలా ఉంటుంది అని మన ఇంజినీర్లు కొందరు అడుగుతూ వచ్చారు కాబట్టి చూసి రాద్దామని నేనూ బయల్దేరాను. థర్మామీటర్ల సంగతి వేరు. అవి అంకుల్ తెమ్మన్నారు.

పోయిన శీతాకాలం, అంటే ఇక్కడి జులైలో, అవ్వకు న్యుమోనియా వచ్చింది. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉంది. చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని మంచం పక్కన కూర్చున్నారు. ఇంటికి వచ్చాక అవ్వ తనకూ బాప్తిస్మం కావాలని చెప్పింది. ఇంట్లో అందరూ ఎప్పుడో తీసుకున్నారు, ఆవిడ ఒక్కతే మిగిలింది. డాక్టరు మాత్రం ఊపిరితిత్తులకు మళ్లీ చలి తగిలితే ఈసారి కష్టమని చెప్పాడు. అంకుల్ ఇంగ్లీషులో అన్న మాట ఇది: "పదేళ్లు నేను బతిమాలితే వద్దంది. ఇప్పుడు నేను వద్దంటుంటే వినడం లేదు."

ఇంట్లో స్నానాల టబ్బులో చేయిద్దామని పాస్టర్ ఒక దారి చూపించారు. అవ్వ ఒప్పుకోలేదు. "పప్పు నానబోసినట్టు నన్ను నానబోస్తారేటి?" అంది. ఇక్కడి పిల్లలకు తెలుగు రాదు. అవ్వ మాటలు మాత్రం నూరేళ్ల కిందట చెరుకు తోటలకు వచ్చిన వాళ్ల మాటలే, మా తూర్పు పల్లెల్లో విన్నట్టు ఉంటాయి.

చివరికి అంకుల్ ఒక లెక్క పెట్టారు. పిల్లల స్కూలు ఈతకొలనులో నీళ్లు పంతొమ్మిది డిగ్రీలకు దిగితే మూసేస్తారట. పిల్లలకు పనికిరాని నీళ్లు అమ్మకూ పనికిరావు. డ్యామ్ నీళ్లు పంతొమ్మిది దాటితే సరే, లేకపోతే వచ్చే అక్టోబరు. అక్టోబరు అంటే మధ్యలో ఇంకో చలికాలం. అది దాటుతానన్న నమ్మకం అవ్వకు లేదు, అంకుల్‌కూ లేదు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

బస్సు 6:50కి కదిలింది. దారిలో రైస్‌థార్ప్ పేట దుకాణాలన్నీ షట్టర్లు వేసి ఉన్నాయి. ఊరు దాటగానే హైవే గుట్ట ఎక్కడం మొదలవుతుంది. మారిట్స్‌బర్గ్ పళ్లెం లాంటి లోయలో ఉంది, హోవిక్ అంతకంటే నాలుగు వందల మీటర్లు ఎత్తున ఉంది. దూరం పాతిక కిలోమీటర్లే గానీ లారీల వెనక బస్సు రెండో గేరులో పాకింది. గుట్ట మీది హిల్టన్ ఊరి దగ్గర పొగమంచులోకి దూరాం. పక్క సీటులో పాస్టర్, ఖర్వాస్తాన్‌లో పుట్టి పెరిగిన మనిషి, పొడుగ్గా ఉంటారు. డర్బన్ వైపు ఉక్కలో పెరిగినవాడికి ఈ చలి ఇరవై ఏళ్లైనా అలవాటు కాలేదని చెప్పి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నారు. హిల్టన్ దాటిన ఆరు నిమిషాలకు పొగమంచు తెగిపోయింది. రెండు వైపులా పచ్చిక గుట్టలు, నల్లా తెల్లా మచ్చల పాడి ఆవులు, వరసలు తీసి నాటిన పైన్ చెట్లు.

7:55కి గేటు. టికెట్టు తలకింత, బస్సుకింత. సెలవు రోజు తొమ్మిది దాటితే వరస పెరుగుతుంది కాబట్టి ముందే చేరడం మంచిది.

మిడ్‌మార్ అందం నేను అనుకున్న దానికంటే ఎక్కువ. అవతలి ఒడ్డు కనిపిస్తుంది గానీ అక్కడి చెట్లను లెక్కపెట్టలేం, అంత వెడల్పు. ఒడ్డు దాకా కత్తిరించిన పచ్చిక, మాంసం కాల్చుకోవడానికి ఇటుక పొయ్యిలు, మరుగుదొడ్లు శుభ్రం, కుళాయి నీళ్లు తాగొచ్చు. పడవలు దింపడానికి సిమెంటు వాలు. అవతల గుట్ట మీద జీబ్రాలు మేస్తుంటే మొదట కంచె గుంజలనుకున్నాను. తన చిన్నతనంలో ఈ పచ్చిక తెల్లవాళ్లకేనని, మనవాళ్లకు ఆ మూలన రాళ్ల ఒడ్డు మాత్రమే ఉండేదని అంకుల్ వేలు చూపించి చెప్పి, ఇక్కడే కుర్చీలు దింపించారు.

8:10కి గాలి తొమ్మిది డిగ్రీలు. నీటి మీద ఆవిరి లేస్తోంది. అది చూసి పిల్లలు నీళ్లు వేడిగా ఉన్నాయని అరిచారు. వాళ్లు చెప్పింది సగం నిజం. గాలి కంటే నీళ్లు వెచ్చగా ఉంటేనే అలా ఆవిరి లేస్తుంది. పడవలు కట్టడానికి నీటిలోకి కట్టిన చెక్క వంతెన చివరికి వెళ్లి తాడుతో థర్మామీటర్ దింపాను. మూడు నిమిషాలు ఉంచి తీశాను. పదిహేడు. మళ్లీ దింపాను. పదిహేడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ దుప్పట్ల మధ్య కుర్చీలో కూర్చుని నా ముఖం చూస్తోంది. అంకుల్ టీ కలుపుతున్నారు. అంకె చెప్పాను. ఆయన తలూపి, తల్లి వైపు చూడకుండా టీలో పంచదార వేశారు. రూబీ ఆంటీ లేచి బిర్యానీ గిన్నె దగ్గరికి వెళ్లింది. అంకుల్ కప్పులు ఇవ్వడానికి అటు వెళ్లినప్పుడు అవ్వ నన్ను దగ్గరికి రమ్మంది.

"ఓ రెండు ఎక్కువ సెప్పు నాయినా."

"అబద్ధం ఆడి దేవుడి దగ్గరికి వెళ్తారా అవ్వా?"

"అబద్ధం నువ్వు ఆడతావు. నీల్లలోకి నాను ఎల్తాను."

నవ్వాను గానీ ఆవిడ నవ్వలేదు. ఇంకోచోట చూస్తానని చెప్పాను. "చెచా," అంది. చెరుకు తోటల్లో అందరూ వాడిన మాట, త్వరగా అని.

ఒడ్డు వెంబడి నడిచాను. సెలవు రోజున ఇక్కడికి వచ్చినవాళ్లు ఏం చేస్తారో రాసుకుంటూ వెళ్లాను: పరుగెత్తేవాళ్లు, సైకిళ్లు, గాలం వేసేవాళ్లు, పక్షుల కోసం దుర్భిణీతో ఒక ముసలి జంట, తెరచాప పడవలు బిగిస్తున్నవాళ్లు పది పన్నెండు మంది. తెరచాపలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. ఒకామె పడవ అంచున కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. ఎప్పుడు బయల్దేరతారని అడిగాను. గాలి పదకొండున్నరకు వస్తుందని, అంతవరకు టీయేనని చెప్పింది. ఏప్రిల్‌లో ఎప్పుడూ ఇంతేనట.

ఇది నాకు పనికొచ్చే సంగతి. తడి ఒంటిని ఎక్కువ చలిపెట్టేది నీళ్లు కాదు, గాలి. ఒక థర్మామీటర్ బుడ్డికి తడి దూది చుట్టి రెండూ పక్కపక్కన పట్టుకుంటే తేడా తెలుస్తుంది. 9:40కి పొడిది పదహారు, తడిది పదకొండు. గాలి వీస్తే ఒంటి మీది తడి ఇంకా త్వరగా ఆరి అంత చలీ వేస్తుంది. కాబట్టి ఎండ ఎక్కాలి, గాలి రాకూడదు. ఆ సమయం పదిన్నరకు పదకొండున్నరకు మధ్యలో ఉంది. కావలసినంత వెచ్చని నీళ్లే లేవు.

ముప్పావు కిలోమీటరు అవతల ఒడ్డు లోపలికి వంగి ఒక చిన్న మూల ఉంది, చుట్టూ రెల్లు. అక్కడ ఒకాయన రెండు గాలాలు వేసి, బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. సావుబోనా అని పలకరించి, ఏం పడుతున్నాయని అడిగాను. కార్ప్ చేపలు అన్నాడు. అందరూ లోతు దగ్గర వేస్తుంటే తను ఇంత లోతులేని నీటిలో ఎందుకు వేశాడని అడిగాను.

"పొద్దున్న చేపలు వెచ్చదనం కోసం ఇక్కడికే వస్తాయి," అన్నాడు. తర్వాత నా చేతిలోని గాజు కడ్డీ చూసి, "వాటి దగ్గర అది లేదు. అయినా వస్తాయి," అన్నాడు.

బూట్లు విప్పి దిగాను. అడుగున ఇసుక, బురద తక్కువ. మోకాలి లోతులో 10:20కి పద్దెనిమిదిన్నర. పావుగంట ఆగి చూస్తే పంతొమ్మిది. 10:45కి పంతొమ్మిదిన్నర. రెండో థర్మామీటర్ కూడా అంతే చూపించింది. నా పొరపాటు అప్పుడు తెలిసింది. సరస్సు ఉష్ణోగ్రత అని ఒక అంకె ఉండదు. వంతెన చివర ఒకటి, రెల్లు మూల ఒకటి. ట్యాంకు మధ్యలో కొలవాలని కాలేజీలో నేర్చుకున్న అలవాటు కొద్దీ నేను లోతు దగ్గరే కొలిచాను.

పరుగున వెళ్లి చెప్పాను. మిగతా నలుగురి బాప్తిస్మం వంతెన పక్కన అప్పటికే అయిపోయింది. వాళ్లు తువ్వాళ్లలో వణుకుతూ పాడుతున్నారు. అంకుల్ నమ్మలేదు. పాస్టర్‌ను కూడా తీసుకుని నాతో వచ్చి, ప్యాంటు మడిచి దిగి, తనే థర్మామీటర్ పట్టుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చదివారు. తర్వాత చేత్తో నీళ్లు ముట్టుకున్నారు. తర్వాత మోచేతితో, పసిపిల్లలకు స్నానం పోసేముందు చూసినట్టు.

"ఇక్కడ మోకాలి లోతేగా. మనిషి పూర్తిగా మునగాలి," అన్నారు పాస్టర్‌తో. ఆ మాటలో, దీంతో ఆగిపోతుందేమోనన్న ఆశ కూడా కొంచెం ఉందనిపించింది.

కూర్చుంటే మునుగుతారు, తను వెనక్కి వాలుస్తానని పాస్టర్ చెప్పారు. అంకుల్ తల్లిని తీసుకురావడానికి వెళ్లారు.

నేను చేసిన పని ఒకటే. బస్సును రెల్లు మూల దాకా తెప్పించి, ఇంజిను ఆపకుండా ఉంచమని డ్రైవర్‌ను అడిగాను. డ్రైవరు పక్కనుండే ఇంజిను మూత మీద నాలుగు దుప్పట్లు పరిచాను. పది నిమిషాల్లో అవి ఇస్త్రీ చేసిన బట్టల్లా వేడెక్కాయి.

11:08కి అవ్వ నీటిలో దిగింది. తెల్ల చీర, పైన కొడుకు పాత స్వెట్టరు. ఒకవైపు అంకుల్, ఒకవైపు పాస్టర్. ఒడ్డున ఆడవాళ్లు మెల్లగా పాట అందుకున్నారు. మోకాలి లోతుకు వెళ్లాక స్వెట్టరు విప్పి అంకుల్ చేతికిచ్చింది. పాస్టర్ బైబిలు మాట చెప్పడానికి కుడిచెయ్యి పైకెత్తారు. ఆయన నోరు తెరిచేలోపు అవ్వ ఇద్దరి చేతులూ వదిలించుకుని కూర్చుంది. ముక్కు పట్టుకుని మునిగింది. లేచింది, మునిగింది. లేచింది, మునిగింది. మూడోసారి లేచి సూర్యుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

పాట ఆగిపోయింది. ఒడ్డున నిలబడ్డ ప్రతివాళ్ల ఇంటిలోనూ ఒక తరం కిందట దీపారాధన ఉండేది. అది ఏమిటో తెలియనివాళ్లు పిల్లలు తప్ప ఎవరూ లేరు. రూబీ ఆంటీ కళ్లు మూసుకుంది. పాస్టర్ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"అయ్యిందా?" అని అవ్వ పాస్టర్‌ను అడిగింది.

పాస్టర్ మంచి మనిషి. అయిందని చెబితే సరిపోయేది. ఒక క్షణం ఆలోచించి, లేదమ్మా, అది మీరు చేసుకున్నారు, బాప్తిస్మం ఇంకొకరి చేతుల మీద జరగాలి అని ఇంగ్లీషులో చెప్పారు. అవ్వకు అర్థమైంది. అంకుల్ అప్పటికే స్వెట్టరు చాచి ముందుకు వంగారు. అవ్వ పెదవులు వణకడం ఒడ్డుకు కనిపిస్తోంది. నీటి మీద, దూరంగా, మొదటి ముడతలు కదిలాయి. తెరచాపలు ఒకటి రెండు నిండుతున్నాయి. నేను గడియారం చూశాను. 11:11. గాలి చెప్పిన వేళకంటే ముందే వస్తోంది.

"చాలు మా. పైకి రా. దేవుడు చూశాడు," అన్నారు అంకుల్.

అవ్వ కొడుకు చెయ్యి పక్కకు తోసింది. పాస్టర్‌తో ఈ మాట అంది:

"అది మురికి పోడానికి. ఇప్పుడు నువ్వు సెయ్యి."

పాస్టర్‌కు తెలుగు రాదు. ఆయన అంకుల్ వైపు చూశారు. అంకుల్ చాచిన స్వెట్టరు వెనక్కి తీసుకున్నారు. చెప్పకపోయినా, మార్చి చెప్పినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. కడుక్కుని వచ్చింది, ఇప్పుడు మీరు చేయండి అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తర్వాత స్వెట్టరు మెడ చుట్టూ వేసుకుని, తనూ నీటిలో మోకాళ్ల మీద కూర్చుని తల్లి వీపు కింద చెయ్యి పెట్టారు. పాస్టర్ మాటలు చెప్పారు. ఇద్దరూ కలిసి ఆమెను వెనక్కి వాల్చారు. నెరిసిన జుట్టు ఒక క్షణం నీటి మీద పరుచుకుని లోపలికి పోయింది.

పైకి లేచాక ఎవరూ పాడలేదు. అందరూ దుప్పట్ల కోసం పరుగెత్తారు. వేడి దుప్పటి మొదటిది కప్పేసరికి 11:13. గాలి 11:20కి బాగా అందుకుంది. అప్పటికి అవ్వ బస్సులో పొడి చీరలో కూర్చుని, టీలో పంచదార చాలలేదని కోడలిని తిడుతోంది. సాయంత్రంలోగా దగ్గు మొదలైతే తిన్నగా ఆస్పత్రికే వెళ్దామని అంకుల్, ఆంటీ బస్సు మెట్ల దగ్గర మెల్లగా మాట్లాడుకున్నారు.

12:30కి భోజనాలు. మటన్ బిర్యానీలో పెసరలాంటి నల్ల కందులు వేస్తారిక్కడ, బంగాళాదుంపలు కూడా. మొదట వింతగా ఉంటుంది, రెండో పళ్లేనికి అలవాటవుతుంది. గాలం వేసిన ఆయనకు రూబీ ఆంటీ ఒక పళ్లెం నిండా పంపించింది. ఆయన బదులుగా కార్ప్ చేప ఒకటి ఇచ్చాడు.

2:15కి హోవిక్ ఊళ్లోకి వెళ్లాం. డ్యామ్ నుంచి పది నిమిషాలు. అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. ఊరు చిన్నది. ఒక పెద్ద వీధి, రెండు సూపర్ మార్కెట్లు, గ్రంథాలయం, క్లినిక్, మందుల షాపులు మూడు. ఇంత చిన్న ఊరికి మందుల షాపులు మూడెందుకంటే రిటైరైన వాళ్లు ఎక్కువ. వీధుల్లో చెత్త లేదు. జలపాతం ఊరి మధ్యలోనే, కార్ పార్కింగ్ కంచె కిందే ఉంది. అంత నీరు అంత ఎత్తు నుంచి పడుతుంటే పక్కన ఆడవాళ్లు చాపలు, పూసల దండలు పరిచి తీరిగ్గా అమ్ముకుంటున్నారు. అద్దెలు మారిట్స్‌బర్గ్ కంటే తక్కువేనని విన్నాను. ఉద్యోగం లోయలో ఉంటే కారు తప్పదు. సాయంత్రం ఆరు తర్వాత బస్సు లేదు.

వాతావరణం సంగతి మందుల షాపులో అడిగాను. మే నుంచి ఆగస్టు దాకా పొడి ఎండ, తెల్లవారితే గడ్డి మీద తెల్లటి మంచు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వారాల తరబడి కదలదని, ఉతికిన బట్టలు నాలుగు రోజులైనా ఆరవని కౌంటరు వెనకున్నామె చెప్పింది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ నెలలు చూసి నిర్ణయించుకోవాలి. మిగతా అందరికీ నా సలహా, ఇల్లు దొరికితే తీసుకోండి. పిల్లలకు నీళ్లు, కొండలు, సైకిలు తొక్కే రోడ్లు ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు ఎండలో ఇరవై రెండు డిగ్రీలు, చెమట లేదు. కాకినాడలో అలాంటి రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు.

4:05కి తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు బస్సంతా పాటలు, టాంబరిన్లు. ఇప్పుడు ఎవరూ మాట్లాడడం లేదు. అలసిపోయారనుకున్నాను. హోవిక్ మలుపు దాటాక తెలిసింది, అందరూ అవ్వ ఛాతీనే వింటున్నారు. రూబీ ఆంటీ చెవి ఆమె వీపుకు ఆనించినంత దగ్గరగా కూర్చుంది. అంకుల్ నిలబడే ఉన్నారు. పాస్టర్ పెదవులు కదులుతున్నాయి.

హిల్టన్ దగ్గర అవ్వ వెనక్కి తిరిగి బస్సంతా చూసింది.

"ఏటి, ఎవరు సచ్చిపోనారు? పాడండి."

ఒకరిద్దరు నవ్వారు. వెనక సీట్లో టాంబరిన్ మోగింది. తర్వాత అందరూ అందుకున్నారు. అవ్వకు ఆ పాట మాటలు రావు, చప్పట్లు కొట్టింది. బస్సు లోయలోకి దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి, కిటికీలోంచి వచ్చే గాలి వెచ్చబడింది, కింద మారిట్స్‌బర్గ్ మీద పొగ గోధుమ రంగులో పరుచుకుని ఉంది. అవ్వ నా ముందు సీటులోనే ఉంది కాబట్టి పాటల్లో కూడా నాకు వినిపించేది. హిల్టన్ నుంచి నార్త్‌డేల్ ఇంటి గేటు వరకు ముప్పై ఒక్క నిమిషాలు. దగ్గులు రెండు.